అమ్మానాన్నలతో నడవడానికి మాంచెస్టర్ దగ్గర నిజంగా సులువైన మూర్ నడక ఏదైనా ఉందా?

అనంతపురం_శ్రావణి
అమ్మ, నాన్న వచ్చి నెల దాటింది. సెప్టెంబర్ రెండో వారంలో తిరుగు ప్రయాణం. అమ్మకి 64. కుడి మోకాలు అరిగింది. చదునుగా ఉంటే గంటన్నర నడుస్తుంది, దిగుడు ఉంటేనే కష్టం. నాన్నకి పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడవకపోతే తోచదు.

పోయిన ఆదివారం పెనైన్ కొండల్లో ఒక మూర్ నడకకి తీసుకెళ్ళాను (మూర్ అంటే చెట్లు లేకుండా గడ్డి, పొదలే ఉండే కొండనేల). నెట్‌లో “సులువు, 4 మైళ్ళు, మొదలుపెట్టిన చోటికే తిరిగి వస్తారు” అని ఉంది. మొదటి మైలు బాగానే ఉండింది. ఆ తర్వాత దారి గడ్డిలో కలిసిపోయింది. నల్లటి బురద, కాలు పెడితే పిక్కదాకా దిగిపోతుంది. నాన్న చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది. దారికడ్డంగా రాతి గోడలు, వాటికి ఇంతింత రాళ్ళే మెట్లు. అమ్మని మా ఆయన ఇటు పట్టుకుంటే నేను అటు నిలబడి దించుకున్నాను. ఇంటికొచ్చినాక అమ్మ ఒక్క మాట అనలేదు. రాత్రి మోకాలికి నూనె రాసుకుంటా “ఈసారి మీరు పోయిరండి, నేను ఇంట్లో వంట చేసి పెడతాలే” అనింది. అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు.

పార్కులు చాలా చూపించాను. అమ్మకి ఆ కొండలే చూడాలని ఉంది. గోడలు దాటే పని ఉండకూడదు, దారి గట్టిగా ఉండాలి, టాయిలెట్ ఉండాలి. పక్కన చెరువు ఉంటే ఇంకా మంచిది. మా వైపు మనుషులకి నీళ్ళు కనపడితే చాలు. మేముండేది సాల్ఫర్డ్‌లో.

కొండగుర్తు
డవ్‌స్టోన్ రిజర్వాయర్‌కి వెళ్ళండి, ఇంకో ఆలోచన పెట్టుకోకండి. ఓల్డమ్ దాటాక గ్రీన్‌ఫీల్డ్ అనే ఊరు, దాని పైన లోయలో ఉంటుంది. చుట్టూ తిరిగితే రెండున్నర మైళ్ళు, అంటే 4 కిలోమీటర్లు, మీ నాన్నగారి పొద్దుటి లెక్కకి సరిగ్గా సరిపోతుంది. మా వాడిని తోపుడు బండిలో పెట్టి మొదటిసారి తిప్పాం. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు, ఎన్నిసార్లు తిరిగామో లెక్కలేదు.

కారు పార్కు డ్యామ్ పక్కనే. టాయిలెట్లు అక్కడే, దారిలో ఇంకెక్కడా ఉండవని అమ్మగారికి ముందే చెప్పండి. నీళ్ళు ఎడమ చేతి వైపు ఉండేలా బయల్దేరండి. ముందు తెరచాప పడవల క్లబ్బు వస్తుంది, తర్వాత చ్యూ వాగు మీద వంతెన. ఆ దగ్గర్లోనే కుడివైపు ఒక రోడ్డు లోయలోకి ఎక్కుతుంది. అది పైనున్న చ్యూ రిజర్వాయర్‌కి పోతుంది, అటు వద్దు. నీటి పక్కనే సాగితే చెట్ల నీడలోంచి వెళ్ళి యోమన్ హే డ్యామ్ దగ్గర తేలతారు. ఆ కట్ట మీదుగా అవతలి ఒడ్డుకి దాటి, ఆ ఒడ్డునే వెనక్కి వచ్చి, చివర్లో డవ్‌స్టోన్ కట్ట మీద నడిస్తే కారు దగ్గరికి వచ్చేస్తారు. మొత్తం గట్టి దారి. ఎక్కడా గోడ ఎక్కనక్కర్లేదు.

నడిచేది నీటి పక్కనే అయినా తలెత్తితే చుట్టూ మూరే. నల్లరాతి అంచులు, వాటి పైన గోధుమరంగు గడ్డి. అమ్మగారు చూడాలనుకుంది అదే.

పాలమూరు_రవి
+1. డవ్‌స్టోన్‌కి రెండో ఓటు నాది. పులిహోర మర్చిపోవద్దు.

బోల్టన్_సుజాత
కొండగుర్తు గారూ, మొత్తం చదును అన్నట్టు రాయకండి. యోమన్ హే కట్ట దాటాక అవతలి ఒడ్డున ఎక్కుడు, దిగుడు ఉన్నాయి. తోపుడు బండి నెట్టేవాళ్ళకి పెద్దగా అనిపించదు. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకి ఆ దిగుడే తెలుస్తుంది. మా అత్తగారు అక్కడ పక్కకి తిరిగి, ఒక్కో అడుగు వేసుకుంటూ దిగారు. శ్రావణి కూడా “సులువు” అనే మాట నమ్మే కదా ఇబ్బంది పడింది.

కొండగుర్తు
నిజమే, ఆ ముక్క రాయాల్సింది. శ్రావణి గారూ, కట్ట దాకా వెళ్ళి అమ్మగారి మోకాలు ఎలా ఉందో చూసుకోండి. ఇబ్బందిగా ఉంటే వచ్చిన దారినే వెనక్కి తిరగొచ్చు, అటువైపు బాగా చదును.

బోల్టన్_సుజాత
ఒక చేతికర్ర కూడా కొనివ్వు శ్రావణీ. మడిచి పెట్టుకునేవి దొరుకుతాయి. కర్ర అంటే మా అత్తగారు మొదట వద్దంది, ముసలిదాన్ని చేస్తున్నావా అని. నేనూ ఒకటి పట్టుకుని నడిస్తే ఒప్పుకుంది.

హైదరాబాదీ_ఇన్_లీడ్స్
నాదొక మాట. మూర్ చూడాలంటే పైకి ఎక్కాలి అన్నా, కింద నీళ్ళ చుట్టూ తిరిగితే ఏం కనిపిస్తది. చ్యూ దాకా రోడ్డే ఉంది కదా, మెల్లగా ఎక్కిస్తే అయిపోతది. పైన నిలబడి చూస్తే దునియా మొత్తం కనిపిస్తది.

బోల్టన్_సుజాత
తమ్ముడూ, ఎక్కడం అయిపోతుంది. దిగడం ఎవరు దిగుతారు?

కొండగుర్తు
చ్యూ సుమారు 1,600 అడుగుల ఎత్తులో ఉంది. 1912లో కట్టినప్పుడు ఈ దేశంలో అంత ఎత్తున ఇంకో రిజర్వాయర్ లేదంటారు. కట్టడానికి సామాను మోసేందుకు లోయలో చిన్న రైలు పట్టాలే వేశారు, వాటి కట్ట ఆనవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. మీ నాన్నగారు కావాలంటే ఇంకో రోజు ఒక్కరే ఎక్కొచ్చు. అమ్మగారితో మాత్రం వద్దు.

ఇంకోటి. చ్యూ నుంచి రాతి అంచుల వెంబడి గ్రీన్‌ఫీల్డ్ రిజర్వాయర్ వైపు దిగే పెద్ద చుట్టు ఒకటి ఉంది. ఫోటోలు చూసి చాలామంది కుర్రాళ్ళు సాదా బూట్లతో వెళ్తున్నారు. బర్చెన్ క్లఫ్ దగ్గర వాగులో రాళ్ళ మీద చేతులు ఆనించి దిగాలి. అది సులువైన నడక కాదు.

హైదరాబాదీ_ఇన్_లీడ్స్
సరే సరే, వాపస్ తీసుకుంటున్నా. అంకుల్‌ని చ్యూకి నేను తీసుకపోతా, ఆంటీ కింద ఐస్‌క్రీమ్ తినొచ్చు.

సీతాఫలం
మేం పోయిన జూన్‌లో వెళ్ళాం. కారు పెట్టడానికి చోటు దొరకక ముప్పావు గంట తిరిగాం. వారాంతంలో అయితే పది లోపే చేరండి. పార్కింగ్‌కి డబ్బు కట్టాలి, రోడ్డు పక్కన ఇళ్ళ ముందు పెట్టి ఊరివాళ్ళని ఇబ్బంది పెట్టకండి. రైలైతే పికడిల్లీ నుంచి గ్రీన్‌ఫీల్డ్‌కి అరగంట. కాకపోతే స్టేషన్ నుంచి డ్యామ్ దాకా ఇంకో మైలున్నర పైగా నడవాలి. ఆంటీ ఓపికంతా అక్కడే అయిపోతుంది, ఆ ముక్కకి టాక్సీ పెట్టుకోండి.

అనంతపురం_శ్రావణి
అందరూ ఇంత ఓపిగ్గా రాశారు. డవ్‌స్టోన్ ఫోటోలు అమ్మకి చూపించాను. మొహం విప్పారింది. బాగా సేపు చూసి ఒక ప్రశ్న అడిగింది, నాకు జవాబు తెలీలేదు, ఇక్కడ పెడుతున్నాను: “ఇంత పెద్ద చెరువు కింద ఆయకట్టు ఎంతుంది? మళ్ళు ఎక్కడా కనపడవే?”

మా తాతకి చెరువు కింద మూడెకరాల మడి ఉండేది. నేను ఇంటర్‌కి వచ్చేసరికి ఆ చెరువు నిండడమే మానేసింది. అమ్మకి చెరువంటే కింద పైరు ఉండాల్సిందే.

లస్కరు_గారబ్బాయి
ఈ ప్రశ్న అడిగిన అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. నేను హడర్స్‌ఫీల్డ్‌లో సివిల్ పనిచేస్తాను, మా నాన్న కేసీ కాలువ మీద లస్కరుగా చేశారు. డవ్‌స్టోన్‌కి ఆయకట్టు లేదు. ఎకరం కూడా తడవదు. ఇది ఊళ్ళ దాహం కోసం కట్టింది.

ఈ లోయలో నాలుగు రిజర్వాయర్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, మన గొలుసుకట్టు చెరువుల్లాగా. ముందు యోమన్ హే, 1880. తర్వాత దాని పైన గ్రీన్‌ఫీల్డ్, 1903. పక్క లోయలో ఎత్తున చ్యూ, 1912. అన్నింటికన్నా కిందున్న డవ్‌స్టోన్ అన్నింటికన్నా చిన్నది వయసులో, 1967లో పూర్తయింది. ఆష్టన్, స్టాలీబ్రిడ్జ్, డకిన్‌ఫీల్డ్ ఊళ్ళు కలిసి నీళ్ళ కోసం ఉమ్మడిగా పెట్టుకున్న సంస్థ చేసిన పని ఇది. ఆ ఊళ్ళు పత్తి మిల్లులతో ఒక్కసారిగా పెరిగాయి, జనం పెరిగారు, ఉన్న బావులూ వాగులూ పాడయ్యాయి. అందుకని వాన ఎక్కువగా పడే ఈ కొండల్లో పట్టి పెట్టుకున్నారు.

వాగు నీళ్ళ మీద కిందున్న మిల్లులకి అప్పటికే హక్కు ఉండేది. అందువల్ల పెనైన్స్‌లో డ్యామ్ కట్టినవాళ్ళు కిందికి ఇంత నీరు తప్పకుండా వదలాలని చట్టంలోనే రాసేవారు. మన దగ్గర చివరి భూముల రైతు తూము దగ్గర కూర్చుని పోట్లాడినట్టు ఇక్కడ మిల్లు యజమానులు పార్లమెంటు దాకా వెళ్ళి పోట్లాడారు. కాబట్టి అమ్మగారికి చెప్పండి: ఈ చెరువు ఆయకట్టు ఊళ్ళలో కుళాయిలు, వాగు పక్కన మిల్లులు.

అనంతపురం_శ్రావణి
చదివి వినిపించాను. “అయితే లస్కరు ఉన్నాడా మరి, తూము ఎవరు తిప్పుతారు?” అంటోంది.

లస్కరు_గారబ్బాయి
ఉన్నారు అమ్మా. నీటి కంపెనీ మనుషులు వచ్చి చూసుకుంటారు. కట్ట లోపల నీరు ఊరుతోందా, ఎక్కడైనా కుంగిందా అని కొలతలు తీస్తారు. ఇక్కడి పాతకాలపు మట్టికట్టలకి నడుమ బంకమట్టి తొక్కించి గోడలాగా నిలబెట్టారు, నీరు దాటకుండా. చెరువుకట్టలో బంకమట్టి విలువ మన ఒడ్డెరలకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

కట్ట పక్కన రాతితో కట్టిన పెద్ద అలుగు చూడండి. వానాకాలంలో అలుగు పారితే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు.

పాలమూరు_రవి
అలుగు కాదన్నా, మత్తడి. మత్తడి దుంకుతది.

లస్కరు_గారబ్బాయి
మీకు మత్తడి, మాకు అలుగు, గోదావరి వాళ్ళనడిగితే కళింగు అంటారేమో. నీళ్ళు మాత్రం ఒకేలా పడతాయి.

పాలమూరు_రవి
దుంకుతయి 🙂

హైదరాబాదీ_ఇన్_లీడ్స్
ఇక్కడ కూడా ఈ పంచాయితీ ఉందన్నా. డవ్‌స్టోన్ ఉన్న ఈ శాడల్‌వర్త్ ప్రాంతం అంతా పాత యార్క్‌షైర్. 1974లో తీసుకపోయి ఓల్డమ్‌లో కలిపారు. ఇప్పటికీ అక్కడివాళ్ళని లాంకషైరా అని అడిగితే ఊరుకోరు. ఆగస్టు 1న యార్క్‌షైర్ డే చేసుకుంటారు.

మగ్గం_గుంట
లస్కరు గారబ్బాయి రాసింది చదివాక నాకు ఒకటి రాయాలనిపించింది. మాది మంగళగిరి, నేత కుటుంబం. ఓల్డమ్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా నాన్న కాసేపు మాట్లాడలేదు. మా ఇళ్ళలో పెద్దవాళ్ళకి లాంకషైర్ అనే పేరు తెలుసు. చవకైన మిల్లుగుడ్డ ఓడల మీద వచ్చి మగ్గాలు పడుకున్న కథలు విని పెరిగినవాళ్ళం. ప్రపంచంలో ఏ ఊరూ వడకనంత నూలు ఒకప్పుడు ఓల్డమ్ వడికింది.

డవ్‌స్టోన్ తూర్పు ఒడ్డున చెట్ల మధ్య ఆష్‌వే గ్యాప్ అనే చోటు ఉంది. అక్కడ ప్లాట్ కుటుంబం వారి పెద్ద బంగళా ఉండేది, 1981లో పడగొట్టారు. ఓల్డమ్‌లో నూలు యంత్రాలు చేసి మన దేశానికి కూడా ఎగుమతి చేసిన ప్లాట్ బ్రదర్స్ వాళ్ళు. వాళ్ళలో ఎంపీగా ఉన్న జేమ్స్ ప్లాట్ 1857లో పైన మూర్ మీద వేటలో పొరపాటున తుపాకీ పేలి చనిపోయాడు. ఆయన గుర్తుగా కొండ మీద రాతి శిలువ ఉంది. మొదటిసారి ఆ చోట నిలబడినప్పుడు నాకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆ మిల్లుల్లో పనిచేసినవాళ్ళు కూడా పిల్లలప్పటినుంచి పొగలో, నూలు దుమ్ములో బతికినవాళ్ళే. మా నాన్నకి ఫోన్‌లో ఆ నీళ్ళు చూపిస్తే “నీరు తియ్యగా ఉంటుందా?” అని అడిగాడు.

అనంతపురం_శ్రావణి
మగ్గం గుంట గారూ, ఇది రాసినందుకు చాలా థాంక్స్. అక్కడికి వెళ్ళినప్పుడు ఆ చోట తప్పకుండా ఆగుతాం.

సీతాఫలం
తియ్యగానే ఉంటుంది, కాకపోతే వాగు నీళ్ళు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. మా పాప మురికి అనుకుంది. అది పీట్ రంగు.

మూర్_పిట్ట
పీట్ గురించి చెప్పేందుకు నేనున్నాను. డవ్‌స్టోన్ పైన మూర్ మీద వాలంటీర్‌గా నాచు నాటే పనికి వెళ్ళాను. నేను వెళ్ళినప్పుడు అక్కడి భూమిని నీటి కంపెనీ, పక్షుల రక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ కలిసి చూసుకునేవి.

శ్రావణి గారూ, మీ నాన్నగారి చెప్పు మింగిన నల్లబురద అదే పీట్. తడిలో గడ్డి, నాచు పూర్తిగా కుళ్ళక పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఏడాదికి ఒక మిల్లీమీటరు. మీటరు లోతు పీట్ అంటే వెయ్యేళ్ళు. ఆ చెప్పు కాకతీయుల కాలం దాకా దిగి ఉండొచ్చు. దాన్ని కట్టే మొక్క స్ఫాగ్నమ్ అనే నాచు, స్పాంజిలా నీటిని పట్టుకుంటుంది. మిల్లుల పొగ వందేళ్ళకి పైగా ఈ కొండల మీద పడి ఆ నాచు చచ్చిపోయింది, పీట్ ఎండి, కోసుకుపోయి, రిజర్వాయర్లలోకి దిగింది. ఇప్పుడు పిడికెడు పిడికెడు నాచు చేత్తో మళ్ళీ నాటుతున్నాం, వాననీరు పారిపోకుండా గండ్లకి అడ్డుకట్టలు వేస్తున్నాం. నేను మొదటి రోజు నాటుతున్నప్పుడు అచ్చం వరినాట్లు గుర్తొచ్చాయి. నడుం వంచి, వెనక్కి అడుగేసుకుంటూ. మా అమ్మ చూస్తే పాట ఎత్తుకునేది.

జూన్‌లో పైన పత్తిగడ్డి పూస్తుంది, కొండంతా తెల్లగా. ఆగస్టులో హెదర్ పొదలు పూసి ఊదారంగు. చలికాలంలో తెల్లగా మారే కొండకుందేళ్ళు ఉన్నాయి, ఇంగ్లండ్‌లో పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో తప్ప ఎక్కడా లేవు.

బోల్టన్_సుజాత
నాట్లు అనేసరికి నా ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నారు? నేనూ వస్తాను.

మూర్_పిట్ట
చలికాలంలో. మెసేజ్ పెడతాను అక్కా.

కొత్త_పక్షి_2024
స్టూడెంట్‌ని. మేం ఆరుగురం ఈ శనివారం వెళ్దామనుకుంటున్నాం. ఈత కొట్టొచ్చా? చిన్న బార్బెక్యూ పెట్టుకోవచ్చా? చికెన్ ముక్కలు మసాలా పట్టించి తీసుకెళ్తాం.

కొండగుర్తు
రెండూ వద్దు. దయచేసి వినండి.

నీళ్ళు ఎండాకాలంలో కూడా పైపైనే వెచ్చగా ఉంటాయి. ఒక్కసారి దూకితే ఆ చలికి ఊపిరి బిగుసుకుపోయి నోట్లోకి నీళ్ళు పోతాయి. ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా అలాగే పోతారు. ఒడ్డు ఒక్కసారిగా లోతు, రాళ్ళు జారుడు. ఈత నిషేధమని బోర్డులు ఊరికే పెట్టలేదు.

మూర్_పిట్ట
బార్బెక్యూ సంగతి నేను చెప్తాను. 2018 జూన్ 24న శాడల్‌వర్త్ మూర్ అంటుకుంది. మూడు వారాలు కాలింది. కార్‌బ్రూక్ దగ్గర ఇళ్ళు ఖాళీ చేయించారు, మంటలార్పడానికి సైన్యం నుంచి వందమంది దాకా వచ్చారు. పీట్ అంటుకుంటే పైన ఆర్పినా లోపల కుంపటిలా రగులుతూనే ఉంటుంది. ఆ పొగ మాంచెస్టర్ దాకా వచ్చింది, నేను కిటికీలు మూసుకుని కూర్చున్నాను. నేల మీద గూడు కట్టుకునే పిట్టల కాలం అది. ఓల్డమ్ కౌన్సిల్ మూర్ మీద మంట పెట్టడాన్ని నిషేధించింది, జరిమానా వేస్తారు. చికెన్ ఇంట్లో వేయించుకుని డబ్బాలో తెచ్చుకోండి తమ్ముడూ.

కొత్త_పక్షి_2024
తెలీక అడిగాను అన్నా. ఇంట్లోనే వేయించుకుంటాం. నీళ్ళలో దిగం, మా అమ్మ మీద ఒట్టు.

పాలమూరు_రవి
మంచి పిల్లగాడు. ఒక డబ్బా ఎక్కువ తే, మేమూ శనివారమే వస్తున్నం.

సంగమేశ్వరం
నా ఓటు లేడీబవర్ రిజర్వాయర్‌కి. పీక్ డిస్ట్రిక్ట్‌లోనే, ఇంకా దక్షిణాన. పెద్ద నీళ్ళు, అలుగు కూడా వింతగా ఉంటుంది: నీళ్ళ మధ్యలో రెండు గుండ్రటి నూతులు, నిండితే నీరంతా వాటిలోకి సుడి తిరిగి దిగిపోతుంది. పైన డర్వెంట్ డ్యామ్ దగ్గర రెండో ప్రపంచయుద్ధంలో 1943లో బాంబర్ విమానాలు తక్కువ ఎత్తులో ఎగరడం సాధన చేశాయి.

నాకు ఆ చోటుతో ఉన్న బంధం వేరు. లేడీబవర్ కోసం ఆషాప్టన్, డర్వెంట్ అనే రెండు ఊళ్ళు ముంచారు. 2022 ఎండలకి నీరు తగ్గి డర్వెంట్ ఊరి రాళ్ళు బయటపడితే జనం చూడ్డానికి వెళ్ళారు, నేనూ వెళ్ళాను. మా అమ్మమ్మగారి ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. మా వైపు ఎండాకాలం నీరు దిగగానే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, పూజలు చేస్తారు, మళ్ళీ వానలకి మునిగిపోతుంది. అమ్మమ్మ ప్రతి ఏడూ వెళ్ళేది, గుడి కోసమని చెప్పేది గానీ ఆవిడ చూపు ఇంకో వైపు ఉండేది. డర్వెంట్‌లో ఒక ఇంటి గోడ మొదలు దగ్గర ఒక ముసలాయన కర్ర ఆనించుకుని అలాగే నిలబడి ఉన్నాడు. ఆయనది ఆ ఊరో కాదో అడగలేదు.

లస్కరు_గారబ్బాయి
మా నాన్న కూడా ముంపు ఊళ్ళ గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేవారు. రాసినందుకు సంతోషం.

బోల్టన్_సుజాత
లేడీబవర్ చూడాల్సిందే. మొత్తం చుట్టడం మాత్రం ఆంటీ వల్ల కాదు, డవ్‌స్టోన్‌కి రెండింతలు పైనే. ముందు డవ్‌స్టోన్ కానివ్వండి.

సీతాఫలం
ఒక సందేహం. దారి వదిలి గడ్డిలోకి వెళ్ళొచ్చా? ప్రైవేటు భూమి కదా.

కొండగుర్తు
చాలా మూర్ల మీద ఇప్పుడు నడిచే హక్కు ఉంది. అది ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ కొండ మీదికి కొన్ని వందలమంది కార్మికులు వెళ్ళారు, అప్పట్లో అది వేట కోసం దొరలు మూసిపెట్టుకున్న నేల. నడిపించినవాడు మాంచెస్టర్ కుర్రాడు బెన్నీ రోథ్‌మన్, ఇరవై ఏళ్ళవాడు. అయిదుగుర్ని జైల్లో పెట్టారు. 1951లో పీక్ డిస్ట్రిక్ట్ ఈ దేశపు మొదటి నేషనల్ పార్క్ అయింది, 2000లో నడిచే హక్కు చట్టం వచ్చింది. అయితే అమ్మగారితో వెళ్ళినప్పుడు దారి వదలకండి, చెప్పులు మిగలాలి కదా.

పైన ఎవరికైనా ఇబ్బంది వస్తే 999కి ఫోన్ చేసి పోలీసుని అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. వాళ్ళు వాలంటీర్లు, డబ్బు తీసుకోరు.

అనంతపురం_శ్రావణి
వెళ్ళొచ్చాం! బుధవారం సెలవు పెట్టాను, తొమ్మిదిన్నరకల్లా చేరుకున్నాం, పార్కింగ్ సగం ఖాళీ. అమ్మకి స్పోర్ట్స్ షూస్ కొనిచ్చాను, చీర మీద వేసుకోను అని పేచీ పెట్టి, వేసుకున్నాక ఇంట్లో కూడా విప్పట్లేదు. కర్రలు మూడు కొన్నాను, నాకూ నాన్నకూ కలిపి. సుజాతక్కా, మీ ఉపాయం పనిచేసింది.

చ్యూ వాగు వంతెన మీద అమ్మ పది నిమిషాలు నిలబడింది. “టీ నీళ్ళలాగే ఉండాయి” అని నవ్వింది. ఆష్‌వే గ్యాప్ దగ్గర మగ్గం గుంట గారి నాన్నగారి మాట చెప్పాను. అమ్మ ఏమనలేదు, తన చీర కొంగు ఒకసారి చేత్తో తడుముకుంది. అది మంగళగిరి చీరే.

దారి పక్కన రాళ్ళ సందుల్లో చిన్న చిన్న నల్లటి పండ్లు కనపడ్డాయి. అక్కడ కుక్కతో నడుస్తున్న ఒక పెద్దావిడ ఆగి, తినొచ్చు, మేం వింబెర్రీ అంటాం అని తానే కోసి అమ్మ చేతిలో పెట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ నాలుకలు చాపి నీలం రంగు చూపించుకుని నవ్వుకున్నారు. అమ్మ “నేరేడు పండే, సైజు తక్కువ” అని తీర్పు చెప్పింది.

యోమన్ హే దగ్గర 1981లో టోంగా రాజు వచ్చిన గుర్తుగా పెట్టిన రాయి చూసి నాన్న అక్కడే ఆగిపోయారు. సముద్రం మధ్యలో ఉండే రాజుకి ఈ చెరువుతో ఏం పని అని దారంతా అదే ప్రశ్న.

కట్ట దాటాక ఆ దిగుడు వచ్చింది. వెనక్కి తిరుగుదామా అన్నాను. “వచ్చినదోవనే పోతే చుట్టు ఎట్లయితుంది?” అని కర్ర పట్టుకుని, పక్కకి తిరిగి దిగింది. రెండు గంటల పదినిమిషాలు పట్టింది మొత్తం. చివర డవ్‌స్టోన్ కట్ట మీద కూర్చుని దద్దోజనం తిన్నాం. నీళ్ళు బాగా కిందికి ఉన్నాయి, అలుగు ఎండిపోయి ఉంది. అమ్మ లేచేముందు అంది, “ఇది ఎప్పుడు నిండుతుందో కనుక్కో. అలుగు పారితే నాకు ఫోన్‌లో చూపించు.”

బోల్టన్_సుజాత
చుట్టు పూర్తి చేసింది! ఆంటీకి నా తరపున ఒక ముద్దు.

మగ్గం_గుంట
మంగళగిరి చీర సంగతి మా నాన్నకి చెప్పాను. ఏ రంగు అని అడుగుతున్నాడు.

అనంతపురం_శ్రావణి
చిలకాకుపచ్చ, జరీ అంచు.

హైదరాబాదీ_ఇన్_లీడ్స్
అంకుల్‌ని చ్యూకి తీసుకపోతా అన్న మాట మీదనే ఉన్నా. ఈ ఆదివారం, వాన లేకుంటే.

కొత్త_పక్షి_2024
మేం కూడా తిరిగొచ్చాం. చికెన్ డబ్బాలో తెచ్చాం, చెత్త సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాం. రవి అన్న మా డబ్బా మొత్తం తినేశారు.

పాలమూరు_రవి
మసాలా మంచిగుండె.

లస్కరు_గారబ్బాయి
పాత చర్చని పైకి తెస్తున్నాను. నవంబర్ వచ్చింది, పదిరోజులుగా ఆగకుండా వాన. పొద్దున పని మీద అటు వెళ్తూ ఆగాను. డవ్‌స్టోన్ నిండింది. రాతి మెట్ల మీద తెల్లగా నురగ, శబ్దానికి పక్కనున్న మనిషి మాట వినపడట్లేదు. రెండు నిమిషాల వీడియో పెట్టాను. శ్రావణి గారూ, అమ్మగారికి ఇప్పుడే పంపండి, అనంతపురంలో ఇంకా మధ్యాహ్నమే కదా.

పాలమూరు_రవి
మత్తడి దుంకుతుంది!

అనంతపురం_శ్రావణి
పంపాను. చూసింది, మళ్ళీ పెట్టమని మూడుసార్లు చూసింది. పక్కింటి వాళ్ళని పిలిచి చూపిస్తోంది.